టీ ఎక్కడ చెడుతోంది? ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: విజయవాడ స్టూడియో నుంచి నమస్కారం. ఈ పూట టీ గురించే. సత్యనారాయణపురం నుంచి మొదటి కాల్. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే అండీ. అల్లం టీ పెడితే పాలు విరిగిపోతున్నాయి. ప్యాకెట్ మార్చి చూశాను, అయినా అంతే.

నిపుణుడు: అల్లం ఎప్పుడు వేస్తున్నారమ్మా?

శ్రోత: పాలు పోశాక, తురిమి.

నిపుణుడు: అదిగో, పాల తప్పేం లేదు. పచ్చి అల్లంలో పాలను గడ్డకట్టించే ఎంజైమ్ ఉంది. దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ వైపు అల్లం రసంలో వేడి పాలు పోసి, జున్నులా తోడుకున్నాక తింటారు. మీ గిన్నెలో ఆ పని అడక్కుండా జరుగుతోంది. నీళ్లలో అల్లం మరిగితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. రెండు కప్పులకి 200 మి.లీ. నీళ్లు, అంగుళం అల్లం ముక్క చితక్కొట్టి వేసి 3 నిమిషాలు తెర్లనివ్వండి. తర్వాత పొడి, తలకొట్టి రెండు టీ చెంచాలు. ఇంకో 2 నిమిషాలాగి కాచిన పాలు 150 మి.లీ. పోసి, ఒక్క పొంగు రాగానే దించి వడకట్టేయండి.

శ్రోత: పంచదార బదులు బెల్లం వేయొచ్చా?

నిపుణుడు: వేయొచ్చు, పొయ్యి మీద మాత్రం వద్దు. దించి వడకట్టాక కలపండి. లేకపోతే మళ్లీ విరుగుతుంది, మళ్లీ పాలనే అంటారు!

యాంకర్: తెనాలి నుంచి ఇంకొకరు.

శ్రోత: మా ఇంట్లో స్ట్రాంగ్ టీ కావాలండీ. పది నిమిషాలు మరిగిస్తున్నా రంగు వస్తోంది కానీ వగరు.

నిపుణుడు: మరిగిస్తే వచ్చేది స్ట్రాంగ్ కాదండీ, వగరే. మీరు వాడేది సన్న గుళికల పొడి కదా, దాన్ని సీటీసీ అంటారు. ఆకును యంత్రంలో నలిపి, చీల్చి, చుట్టి చేస్తారు. గుళిక చిన్నది కాబట్టి రంగు, రుచి 2, 3 నిమిషాల్లోనే దిగిపోతాయి. ఆ తర్వాత మీరు పిండుకునేది చేదు, వగరు. చిక్కగా కావాలంటే పొడి అర చెంచా పెంచండి, టైము పెంచకండి. వాడిన పొడికి మళ్లీ నీళ్లు పోసి కాచే అలవాటుంటే అదీ మానేయండి.

యాంకర్: గుంటూరు బ్రాడీపేట, చెప్పండి.

శ్రోత: పాలు లేని టీ తాగుతానండీ. కాసేపటికి పైన నూనెలా తెట్టు కడుతోంది. పొడి కల్తీ అనుకుంటున్నా.

నిపుణుడు: నీళ్లేవండీ, బోరువా?

శ్రోత: అవునండీ.

నిపుణుడు: అయితే ముందు నీళ్లనే అనుమానించండి. కఠినమైన నీళ్లలో కాల్షియం ఎక్కువ. అది టీలోని పదార్థాలతో కలిసి పైన పొరగా తేలుతుంది, కప్పు అంచున గోధుమరంగు గీతా అదే. రంగు కూడా మట్టినీళ్లలా మసగ్గా ఉంటుంది. ఒకే పొడితో రెండు కప్పులు పెట్టండి, ఒకటి బోరు నీళ్లతో, ఒకటి క్యాన్ నీళ్లతో. పక్కపక్కన పెడితే తేడా కనిపిస్తుంది. బోరు నీళ్లే దిక్కయితే నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి, తెట్టు తగ్గి రంగు తేలిపోతుంది. పాల టీలో మాత్రం నిమ్మకాయ జోలికి పోకండి.

యాంకర్: పటమట నుంచి?

శ్రోత: గ్రీన్ టీ వేపాకు కషాయంలా ఉంటోంది సార్. మరిగే నీళ్లు పోసి మూత పెడుతున్నా.

నిపుణుడు: మరిగే నీళ్లు దానికి పడవు. 75 నుంచి 80 డిగ్రీలు చాలు. వేడి ఎక్కువైతే చేదు తొందరగా దిగుతుంది. థర్మామీటర్ లేకపోయినా పర్లేదు: మరిగిన నీళ్లను చల్లటి కప్పులోకి, అందులోంచి ఇంకో చల్లటి కప్పులోకి ఒంచండి, ఒంచినప్పుడల్లా వేడి బాగా దిగుతుంది. 200 మి.లీ.కి 2 గ్రాముల ఆకు, 2 నిమిషాలు, వడకట్టేయండి. ఆకు పారేయొద్దు, రెండోసారి నీళ్లు పోయొచ్చు. టీ బ్యాగ్ అయితే పిండకండి. చివరి చుక్కల్లో చేదు ఎక్కువ.

శ్రోత: డార్జిలింగ్ ఆకు కూడా ఇంతేనా?

నిపుణుడు: కాదు, దానికి వేడి కావాలి. మరిగి దించిన నీళ్లు, 3 నిమిషాలు, మూత పెట్టి. మార్చి, ఏప్రిల్ కోత లేత ఆకైతే ఇంకాస్త చల్లార్చి పోయండి. పాలు వద్దు, ఆ వాసన పాలల్లో కలిసిపోతే అంత డబ్బు పోసి కొనడం దండగ.