బరంపురం, పర్లాకిమిడి నుంచి డైటీషియన్ కావాలంటే: ఎమ్మెస్సీ అర్హతలు, రెండేళ్ల లెక్క

[తెరపై: ఒడిశా–ఆంధ్ర సరిహద్దు పటం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ పేర్లు ఒక్కొక్కటిగా వెలుగుతాయి]

నమస్కారం. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లలో బీఎస్సీ చివరి ఏడాది చదువుతున్నవారి కోసం, వారి తల్లిదండ్రుల కోసం ఈ వీడియో. ఊళ్లోనే ఉండి, చిన్న ఉద్యోగం ఏదైనా చేసుకుంటూ, దూరవిద్యలో న్యూట్రిషన్ ఎమ్మెస్సీ పూర్తి చేద్దామని చాలామంది అనుకుంటారు. ముందు ఆ సంగతి తేల్చుకుందాం. ఆ దారి మూసుకుపోయింది. 2025 జూలై–ఆగస్టు ప్రవేశాల నుంచి ఫుడ్ అండ్ న్యూట్రిషన్ సైన్స్, క్లినికల్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ కోర్సులను దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ నడపకూడదని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ ఆదేశించింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి డైటీషియన్లు, అంటే రోగికి ఏ ఆహారం తగునో చెప్పేవారు, కూడా వస్తారు. ఇంట్లో కూర్చుని నేర్చుకునే చదువు కాదన్నది దీని వెనుక ఉన్న ఉద్దేశం. నాకైతే ఇది సరైన నిర్ణయమే అనిపిస్తుంది. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. ఎవరైనా ఏజెంటు దూరవిద్య సీటు ఇప్పిస్తానంటే మాత్రం డబ్బు కట్టకండి.

[తెరపై: డిగ్రీ మార్కుల జాబితా. సబ్జెక్టుల వరుస మీద గీత]

ఇక అర్హత. బీఎస్సీలో న్యూట్రిషన్ లేదా హోంసైన్స్ చదివినవారికి ఇబ్బంది లేదు. బయోకెమిస్ట్రీ, జువాలజీ, కెమిస్ట్రీ వంటి సబ్జెక్టులవారిని కొన్ని విశ్వవిద్యాలయాలు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. అందుకే కోర్సు పేరు చూసి ఆగిపోకుండా, నోటిఫికేషన్‌లో మీ సబ్జెక్టుల కలయిక ఉందో లేదో వెతకండి. ఇంకో మాట. ఒడిశాలో ఈ చదువు చాలాచోట్ల హోంసైన్స్ పేరు కిందే ఉంటుంది. న్యూట్రిషన్ అని వెతికి, కనబడలేదని వదిలేయకండి.

[తెరపై: డిసెంబరు నుంచి ఆగస్టు వరకు క్యాలెండర్]

సరిహద్దులో ఉన్నందువల్ల మీకు రెండు వైపులా తలుపులున్నాయి. అయితే తేదీలు దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు వెళ్లాలంటే సీయూఈటీ పీజీ రాయాలి. దాని దరఖాస్తులు డిసెంబరు, జనవరి నెలల్లోనే మొదలవుతాయి, పరీక్ష మార్చిలో ఉంటుంది. డిగ్రీ పరీక్షలయ్యాక చూద్దాం అనుకుంటే ఈ ఒక్కటి తప్పిపోతుంది. మిగతావి వేసవిలో వస్తాయి. ఒడిశాలో ప్రభుత్వ ప్రవేశాల వెబ్‌సైట్ అయిన సామ్స్ పోర్టల్ ద్వారా జరిగే ఉమ్మడి పీజీ పరీక్ష, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్, తెలంగాణలో సీపీగెట్. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ అప్లైడ్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీకి సొంతంగా ప్రవేశ పరీక్ష పెడుతుంది. వీటిలో కనీసం రెండింటికైనా దరఖాస్తు చేయండి.

ఇప్పుడు చెప్పేది ఇంటి పెద్దలు కూడా వినాలి. తెలుగువాళ్లం కాబట్టి ఆంధ్రలో మనల్ని స్థానికులుగానే చూస్తారని చాలామంది అనుకుంటారు. స్థానికత భాషను బట్టి రాదు, ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో 85 శాతం సీట్లు స్థానికులకే. మిగతా 15 శాతానికీ షరతులున్నాయి; తల్లి లేదా తండ్రి ఆ రాష్ట్రంలో పదేళ్లు నివసించి ఉండటం అలాంటి వాటిలో ఒకటి. ఇచ్ఛాపురంలోనో పాతపట్నంలోనో హాస్టల్లో ఉండి చదివినవారు ఆ స్టడీ సర్టిఫికెట్లను భద్రంగా దాచుకోవాలి. అలాగే ఒడిశా తహసీల్దారు ఇచ్చిన కుల ధ్రువపత్రంతో పక్క రాష్ట్రపు కోటాలో రిజర్వేషన్ రాదు. అక్కడ మిమ్మల్ని జనరల్ కిందే లెక్కిస్తారు. రిజర్వేషన్ మీద ఆధారపడేవారు ఒడిశా సీటును, కేంద్ర సంస్థలను ముందు పెట్టుకోవడం మేలు. విశ్వవిద్యాలయం మారేవారికి మైగ్రేషన్ సర్టిఫికెట్ తప్పనిసరి. డిగ్రీ ఫలితాలు రాగానే దానికి దరఖాస్తు పెట్టండి.

[తెరపై: నాలుగు సెమిస్టర్లు. తర్వాత ఒక గిన్నెలో చోడి అంబలి]

కోర్సు రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. మొదటి ఏడాది శరీరధర్మశాస్త్రం, పోషక జీవరసాయనం, ఆహార సూక్ష్మజీవశాస్త్రం, గణాంకాలు. రెండో ఏడాది రోగులకు ఆహార చికిత్స, సమాజ పోషణ, చివర్లో పరిశోధన వ్యాసం. మొదటి ఏడాది పాఠాలు పొడిగా అనిపిస్తాయి, కానీ రెండో ఏడాది నిలబడేది వాటి మీదే.

ఒక్క ఉదాహరణ చూపిస్తాను. వంద గ్రాముల చోళ్లలో, అంటే రాగుల్లో, సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలు చెబుతున్నాయి. అదే తూకం తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండవు. ఆసుపత్రిలో ఎముకలు బలహీనపడిన ఒకామెకు పొద్దున్నే అంబలి తాగమని మీరు ధైర్యంగా చెప్పవచ్చు. మరి ఆ పక్క మంచం మీద, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చిన కిడ్నీ రోగి ఉంటే? చోళ్లలో భాస్వరం, పొటాషియం బియ్యంలోకన్నా ఎక్కువ. ఆయన రక్తపరీక్షలు చూడకుండా అదే మాట చెబితే హాని జరుగుతుంది. ఉద్దానంలోని కవిటి, కంచిలి, సోంపేట మండలాలు మనకెంత దూరం? పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. ఈ ప్రాంతానికి డైటీషియన్ల అవసరం ఎంతుందో వేరే చెప్పాలా!

రోగిని నిన్న ఏం తిన్నారని అడిగి, ఇరవై నాలుగు గంటల తిండినీ రాసుకోవడం ఈ చదువులో తొలి పాఠాల్లో ఒకటి. కొంచెం అన్నం అంటే ఎంత? కొలత గిన్నెలు ముందు పెట్టి, ఇందులో ఎన్నని అడగాలి. చద్దన్నంలో నీళ్లెన్ని, పక్కన నంజుకున్నదేమిటి, ఉప్పు ఎంత వేసుకున్నారు, ఇవన్నీ రాబట్టాలి. బరంపురం ఆసుపత్రిలో ఒడియాలోనూ, శ్రీకాకుళంలో తెలుగులోనూ ఈ ప్రశ్నలు అడగగలిగేవారు ఎంతమంది ఉంటారు? రెండు భాషలూ ఇంట్లోనే వచ్చిన మీకు అది పెద్ద బలం. మంచం పక్కన కూర్చుని, మాట మాట కలిపి చేసే ఈ పనిని దూరవిద్యలో ఎలా నేర్పుతారు?

[తెరపై: ఆసుపత్రి వంటశాల. ట్రేల మీద పేర్లు, పడక నంబర్లు]

చివరిగా, చేరకముందే కాలేజీని అడగాల్సిన ప్రశ్న. ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, ఎన్ని నెలలు? ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ ఇచ్చే రిజిస్టర్డ్ డైటీషియన్ గుర్తింపుకు పరీక్ష రాయాలంటే ఆరు నెలల ఆసుపత్రి ఇంటర్న్‌షిప్ చూపాలి. వేసవి సెలవుల్లో చేసే కొద్ది వారాల శిక్షణ అందుకు సరిపోదు. అంటే మీ లెక్క రెండేళ్లు కాదు, రెండున్నరేళ్లు. ఆ ఆరు నెలలూ విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఉండాల్సి రావచ్చు. గది అద్దె, తిండి ఖర్చు ఇప్పుడే లెక్క వేసుకోండి. డిగ్రీలో న్యూట్రిషన్ చదవనివారు ఆ సంస్థ అర్హత నిబంధనలను ఎమ్మెస్సీ ఫీజు కట్టకముందే చదవాలి.

డిగ్రీలో మీ సబ్జెక్టులు, మీ జిల్లా, పదో తరగతి వరకు ఏ రాష్ట్రంలో చదివారు, ఈ మూడూ కింద రాయండి. ఏ పరీక్షకు దరఖాస్తు చేయాలో ఒక్కొక్కరికీ జవాబిస్తాను.