ఇంటి పనుల బడ్జెట్ యాప్: ఆ ఆకుపచ్చ అంకెతోనే నా గొడవంతా

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఇల్లు బాగుచేయించుకునేటప్పుడు ఖర్చుల లెక్క చూసే ఈ యాప్ ఏడాది సబ్‌స్క్రిప్షన్ నాకు వాళ్లే ఫ్రీగా ఇచ్చారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. అడిగుంటే ఇది మీ దాకా వచ్చేది కాదేమో, వింటే మీకే తెలుస్తుంది. పేరు స్క్రీన్ మీద ఉంది. ఎన్ని టెంప్లేట్లు, ఏయే ప్లాన్లు, ఇవన్నీ ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు. నేను దీన్ని పెట్టుకుని ఒక వంటగది, ఒక బాత్రూమ్ పగలగొట్టించి మళ్లీ కట్టించుకున్నా. ఆ సంగతే చెప్తా.

యాప్ తెరవగానే పైన ఇంతలావు అక్షరాలతో ఆకుపచ్చగా ఒక అంకె. కింద 'మిగులు' అని. కనిపిస్తోందా? నా కోపమంతా దీని మీదే.

మొదట్లో ఇది అనుకోని ఖర్చులకి ఎంత శాతం పక్కన పెడతారని అడుగుతుంది. మంచి ప్రశ్నే. పెయింట్, లైట్లు లాంటి పైపై పనులకైతే 10 శాతం సరిపోతుంది. గోడలు చెక్కి పైపులూ వైరింగూ కదిలించేటప్పుడు 15, పాత ఇల్లయితే 20 పెట్టుకోవడం మేలు. నేను 15 ఇచ్చా. ఇచ్చాక ఇదేం చేసిందో తెలుసా? ఆ 15 శాతాన్ని పట్టుకెళ్లి మిగుల్లో కలిపేసి, ఆకుపచ్చ రంగేసి, నా ముందు పెట్టి కూర్చుంది.

పని మొదలైన నాలుగో రోజు. పాత టైల్స్ ఇంకా సగమే ఊడగొట్టారు. అంకె మాత్రం నిండుకుండలా ఉంది. ఇంకేం, వంటగట్టు రాయి ఒక మెట్టు పై రకానికి మార్చేశా. ట్యాపులు కూడా. ఆరో రోజు ప్లంబర్ పిలిచి ఒక పైపు ముక్క చేతిలో పెట్టాడు. పైకి నిక్షేపంలా ఉంది. లోపల చూస్తే తుప్పు పేరుకుపోయి పెన్సిల్ దూరేంత సందు మిగిలింది. పాత జీఐ పైపులంతే, అంటే జింక్ పూత వేసిన ఇనుప పైపులు, లోపల్నుంచి పాడైపోతాయి, బయటికి తెలీదు. లైనంతా మార్చాలి. మార్చాలంటే పక్క గోడ చెక్కాలి. చెక్కాక ప్లాస్టరింగ్, ఆ తర్వాత పుట్టీ, ఆ తర్వాత పెయింట్. ఒక్క పైపుకి నలుగురు పనివాళ్లు. ఖర్చు తడిసి మోపెడైంది. నేనప్పటికే రాయికి అడ్వాన్స్ ఇచ్చేసి ఉన్నా.

తప్పు నాదే, ఒప్పుకుంటా. కానీ గోడ అడిగే ఖర్చు వేరు, మన మనసు అడిగే ఖర్చు వేరు. ఈ రెంటినీ ఒకే డబ్బాలో పోస్తే మనసే ముందు చెయ్యి పెడుతుంది. గోడ వంతు డబ్బు మన ముచ్చట్లకి ఎప్పుడు ముట్టుకోవచ్చంటే, పైపులకి ప్రెజర్ టెస్ట్, అంటే ఒత్తిడి పెట్టి లీకులు చూడటం, అయిపోయి, బాత్రూమ్‌లో వాటర్‌ప్రూఫింగ్ చేశాక డ్రెయిన్ మూసి కనీసం 24 గంటలు నీళ్లు నిలబెట్టి, ఎక్కడా చెమ్మ దిగలేదని చూసుకున్నాక. అప్పుడు మిగిలితే, అదీ మిగులు. అప్పుడు కొనుక్కోండి మీ ట్యాపులు. అంతవరకు ఆ అంకె ఎర్రగా ఉండాలి, అసలు కనిపించకపోయినా మంచిదే.

దీనికి ముందు నేను ఎక్సెల్ వాడేవాణ్ణి. అందులో ఈ రెండూ వేర్వేరు వరసలు. చూడ్డానికి ఏడుపుమొహంలా ఉండేది గానీ, నన్ను సంతోషపెట్టాలన్న తాపత్రయం దానికి లేదు. అంతకుముందొక నోట్‌బుక్ ఉండేది, అది సిమెంట్ నీళ్లలో పడి రాయైపోయింది. అదింకో కథలెండి.

సరే, టైల్స్ లెక్క. బాత్రూమ్ 8 అడుగులు, 5 అడుగులు అని ఇస్తే 40 చదరపు అడుగులని చెప్పి ఊరుకుంటుంది. బాబూ, అది నేల! గోడలెవరు వేస్తారు? చుట్టుకొలత 26 అడుగులు, ఎత్తు 7 అడుగులనుకుంటే 182. తలుపుకి ఓ 17 తీసేయండి, 165. నేల కలిపితే 205. కోతల్లో పోయేదానికి 10 శాతం కలుపుకుంటే సుమారు 225. ఏటవాలు డిజైనైతే 15 శాతం కలపాలి. నలభై ఎక్కడ, 225 ఎక్కడ? సెట్టింగ్స్‌లో ఎక్కడో 'గోడలు చేర్చు' అని ఉంది, నేను రెండు వారాల తర్వాత చూశా. ఇంకోటి, టైల్స్ అన్నీ ఒకేసారి, ఒకే బ్యాచ్ నంబర్ చూసి తీసుకోండి. తర్వాత నాలుగు తగ్గాయని వెళ్తే రంగు ఒక పిసరు తేడా వస్తుంది, స్నానానికి వెళ్లిన ప్రతిసారీ కన్ను అక్కడికే పోతుంది.

కొటేషన్లు పోల్చే ఫీచర్ ఉంది. పర్లేదు. కాకపోతే మొత్తం అంకెలే పక్కపక్కన పెడుతుంది. అసలు తేడా ఉండేది కొటేషన్లో రాయని వాటిలో. పగలగొట్టిన చెత్త ఎవరు తీయించాలి, రాయి అంచు పాలిష్ చదరపు అడుగులోనే కలిసిందా లేక రన్నింగ్ ఫీట్ లెక్కన, అంటే అంచు పొడవుని బట్టి, విడిగానా, సింక్ కోతకి వేరే డబ్బులా, ఇవన్నీ మీరే అడగాలి.

ఇంత తిట్టినా ఫోన్‌లోంచి తీసెయ్యలేదు. ఒక్కటే కారణం. ఏ గది ఖర్చుకైనా ఫోటో తగిలించొచ్చు. గోడ మూసేముందు పైపులు, వైర్లు ఎటు పోతున్నాయో టేపు ఆనించి ఫోటో తీసి పెట్టుకున్నా, నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం అన్నీ కనిపించేలా. మొన్న అద్దానికి మేకు కొట్టాల్సొచ్చి ఆ ఫోటో తెరిచి చూశా. నేను కొడదామనుకున్న చోటికి బెత్తెడు పక్కనే నీళ్ల పైపు. ఆ ఒక్క పూటకి యాప్ మీద కోపం సగం పోయింది.

రేటింగ్ అంటారా, పదికి ఐదు. డబ్బులు పెట్టి కొంటానా అంటే, ఆ ఆకుపచ్చ అంకె అలా ఉన్నన్నాళ్లు కొనను. ఫ్రీగా వచ్చింది కాబట్టి ఒక కిటుకు కనిపెట్టా. పనివాళ్ల లిస్టులో 'గోడ' అని ఒక కొత్త మనిషిని చేర్చి, 15 శాతం అతనికి అడ్వాన్స్ ఇచ్చేసినట్టు రాసేశా. దెబ్బకి ఆకుపచ్చ అంకె దిగొచ్చింది. కాకపోతే ఇప్పుడు ప్రతి సోమవారం పొద్దున్నే నోటిఫికేషన్ వస్తోంది, 'గోడ గారి పని ఎంతవరకు వచ్చింది?' అని.