మెడలో వేలాడిన అట్టలు

అక్క: రికార్డింగ్ మొదలైంది. ఫ్యాన్ ఆపావా?

తమ్ముడు: ఆపానక్కా. పోయినసారి దాని చప్పుడు గురించి వచ్చిన మెసేజ్‌లు ఇంకా గుర్తున్నాయి.

అక్క: ఇవాళ కొరియా. రెండు ముక్కలూ కలవడం గురించి నాయకులు ఏం చెబుతూ వచ్చారు, టీవీలు ఏం చూపించాయి అన్నది మన విషయం. ముందు ఉత్తరం. 2023 డిసెంబర్ చివర్లో అక్కడి నాయకుడు కిమ్ జోంగ్ ఉన్ ఇక ఏకీకరణ మాటే లేదన్నాడు. ప్యాంగ్యాంగ్‌లో 2001లో కట్టిన ఏకీకరణ తోరణాన్ని 2024 జనవరిలో కూల్చేశారు.

తమ్ముడు: ఆ తోరణంలో ఇద్దరు ఆడవాళ్ల విగ్రహాలు రోడ్డుకు అటూ ఇటూ నిలబడి, కొరియా పటాన్ని పైకెత్తి పట్టుకుని ఉండేవి. సరే, దక్షిణం వాళ్లు తక్కువ తిన్నారా? 2014 జనవరిలో పార్క్ గున్ హే...

అక్క: వచ్చింది జాక్‌పాట్!

తమ్ముడు: రావాల్సిందే. ఏకీకరణ అంటే 'డేబాక్' అంది అధ్యక్షురాలు. జాక్‌పాట్ అని. విడిపోయిన ఇంటివాళ్లు కలుసుకోవడానికి వాడే మాటేనా అది?

అక్క: కుర్రాళ్లకు ఖర్చు భయం పట్టుకుందిరా. జర్మనీ రెండు ముక్కలూ కలవడానికి ఎంతయిందో చూశారుగా. ఆ టెన్షన్ తగ్గించాలని అంది.

తమ్ముడు: 1983లో ఎవరూ ఖర్చు లెక్కేసుకోలేదు. జూన్ 30 రాత్రి దక్షిణ కొరియా టీవీ కేబీఎస్‌లో 95 నిమిషాల కార్యక్రమం అనుకున్నారు, 1950-53 కొరియా యుద్ధంలో తప్పిపోయినవాళ్లను వెతకడానికి. అది 138 రోజులు నడిచింది. మొత్తం 453 గంటల 45 నిమిషాలు!

అక్క: ఆ ఫోటోలు చూశాను. సోల్‌లో కేబీఎస్ భవనం గోడల నిండా కాగితాలే. మన గోడల మీద 'కనబడుటలేదు' అని అంటిస్తారు చూడు, అలాంటివి. మెడలో అట్టలు వేలాడదీసుకుని నిలబడ్డారు జనం. ఊరి పేరు, అమ్మానాన్నల పేర్లు, ఒంటి మీద మచ్చ ఎక్కడుందో కూడా రాసుకున్నారు.

తమ్ముడు: తప్పిపోయేనాటికి మరీ చిన్నపిల్లలు కదా, కొందరికి సొంత పేరే తెలియదు. అన్న ఒక స్టూడియోలో, చెల్లెలు ఇంకో ఊరి స్టూడియోలో. తెర మీద చూసుకుంటూ ఒక్కో గుర్తూ అడిగి పోల్చుకున్నారు.

అక్క: కానీ ఒకటి. అలా కలిసిన 10,189 కుటుంబాలూ సరిహద్దుకు ఇటువైపే దొరికాయి. అప్పుడు చున్ డూ హ్వాన్ సైనిక పాలన. కేబీఎస్ ప్రభుత్వానిది. దాన్ని ఏకీకరణ కింద ఎలా లెక్కేస్తావు?

తమ్ముడు: ఎందుకు లెక్కేయకూడదు? ఒకే దేశంలో ఉండి కూడా 30 ఏళ్లు దొరకలేదంటే, ముళ్లకంచె అవతల ఉన్నవాళ్ల గతేంటి? అది చూసిన ప్రతి ఇంట్లోనూ ఆ ప్రశ్న పుట్టి ఉంటుంది. ఏ ప్రసంగం అంత పని చేసింది? జాక్‌పాట్ అంటే చేస్తుందా?

అక్క: అరవకు. పాలన మంచిదని నేననలేదు, నువ్వూ అనలేదు.

తమ్ముడు: అరవట్లేదక్కా.

అక్క: ...ఉత్తరంలో ఉండిపోయిన బంధువులతో కలిపించడం 2000 నుంచి గట్టిగా మొదలైంది. కొన్ని గంటలు కూర్చోబెట్టి, మళ్లీ బస్సెక్కించేవాళ్లు. కిటికీ అద్దానికి లోపలా బయటా చేతులు ఆనించి ఏడుస్తారు చూడు, ఆ ముసలివాళ్లు. 2018 ఆగస్టే ఆఖరు. పేర్లిచ్చి ఎదురుచూసినవాళ్లలో సగం మందికి పైగా పోయారు.

తమ్ముడు: అది చూపించాలి టీవీలు. రోజూ చూపించాలి.

అక్క: సరిహద్దులో లౌడ్‌స్పీకర్ల గురించి కూడా రాసుకొచ్చాను. టైమెంతయింది?

తమ్ముడు: అమ్మ రెండుసార్లు పిలిచింది.

అక్క: అయితే పద. ఆపెయ్.