ఇంటి గ్యారేజ్‌కి కార్ లిఫ్ట్: ముందు నేల చూడండి, తర్వాత పైకప్పు

[తెర మీద: గ్యారేజ్ డోర్ గడప దగ్గర, కాంక్రీట్‌లో అచ్చుగుద్దిన అక్షరాలు. కెమెరా బాగా దగ్గరగా.]

డాలస్ చుట్టుపక్కల చాలా ఇళ్లలో గ్యారేజ్ నేల మీద ఇలాంటి ముద్ర ఒకటి ఉంటుంది. "పోస్ట్ టెన్షన్డ్ స్లాబ్, డు నాట్ కట్ ఆర్ కోర్" అని. అంటే లోపల కేబుళ్లు బిగించిన స్లాబ్ ఇది, కోయొద్దు, తొలచొద్దు అని. రోజూ దీని మీదుగానే కారు లోపలికి పోనిస్తాం, ఎవరమూ పెద్దగా పట్టించుకోం. కార్ లిఫ్ట్ కొనాలనుకుంటే మాత్రం మొదట చదవాల్సింది ఈ ముద్రే.

నమస్తే అండి. ఇంటి గ్యారేజ్‌లో పెట్టుకునే లిఫ్ట్‌ని ఎలా ఎంచుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. అమెరికాలో సొంత ఇల్లు, రెండు కార్ల గ్యారేజ్ ఉన్న మనవాళ్లని దృష్టిలో పెట్టుకుని చెప్తున్నాను.

అసలు లిఫ్ట్ ఎందుకు? ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు వేయడం లాంటివి ఇంట్లోనే చేసుకునేవాళ్లు మనలో బాగా పెరిగారు. చాలామంది ఫ్లోర్ జాక్‌తో కారు లేపి, కింద జాక్ స్టాండ్లు పెట్టి దూరిపోతారు. 2020లో అమెరికాలో ఒక పెద్ద టూల్స్ షాపు తను అమ్మిన జాక్ స్టాండ్లని 17 లక్షల దాకా వెనక్కి తీసుకుంది. బరువు మీద ఉండగా స్టాండుని ఎత్తులో పట్టి ఉంచే పన్ను జారిపోయి, కారు ఒక్కసారిగా కిందికి దిగే ప్రమాదం ఉందని తేలింది. ఆ సమయంలో కింద మనిషి ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మంచి లిఫ్ట్ సరిగ్గా బిగిస్తే ఆ టెన్షన్ చాలా తగ్గుతుంది. నిలబడి పని చేసుకోవచ్చు కాబట్టి నడుము కూడా బతికిపోతుంది.

ఇంకో అవసరం పార్కింగ్. మూడు కార్లున్నాయి, గ్యారేజ్‌లో చోటు రెండింటికే ఉంది. ఒకదాన్ని పైకి లేపి, దాని కింద ఇంకోటి పెట్టుకోవాలి. మీకు కావాల్సింది రిపేరా, పార్కింగా అన్నది ముందే తేల్చుకోండి. రెండూ కావాలంటే ఏది ఎక్కువ అన్నది తేల్చుకోండి. ఎందుకంటే ఒకదానికి బాగా పనికొచ్చే లిఫ్ట్ రెండోదానికి అంతగా పనికిరాదు.

[తెర మీద: స్లాబ్ అడ్డకోత బొమ్మ. కేబుళ్లు ఎరుపు రంగులో.]

ఇక నేల సంగతి. ఉత్తర టెక్సస్‌లో చాలాచోట్ల మట్టి బంకమట్టి. వానపడితే ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. దాని మీద కట్టిన ఇల్లు పగలకుండా ఉండాలని పునాది స్లాబ్‌లో స్టీలు కేబుళ్లు వేసి, కాంక్రీట్ గట్టిపడ్డాక జాక్‌తో లాగి బిగిస్తారు. నులకమంచానికి నులక బిగించినట్టే, ఆ లాగుడే స్లాబ్‌ని గట్టిగా పట్టి ఉంచుతుంది. ఇళ్లలో మామూలుగా వాడే అరంగుళం కేబుల్ ఒక్కోదాన్ని బిగించేటప్పుడు సుమారు 33,000 పౌండ్ల బలంతో లాగుతారు. మీరు డ్రిల్ పెట్టినప్పుడు అలాంటి కేబుల్ తెగితే అది కాంక్రీట్‌ని పగలగొట్టుకుని బయటికి రావచ్చు. మనిషికి ప్రమాదం, పునాదికీ నష్టం. బాగుచేయించడానికయ్యే ఖర్చుతో ఇంకో లిఫ్టే కొనొచ్చు.

రెండు స్తంభాల లిఫ్ట్‌కి, అంటే టూ పోస్ట్‌కి, డ్రిల్ తప్పదు. ఎందుకో చూడండి. స్తంభం నుంచి ముందుకు చాచిన చేతుల మీద కారు బరువు ఉంటుంది. దాంతో స్తంభం లోపలివైపుకి, అంటే కారు వైపుకి ఒరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది అడుగున ప్లేటుకి వేసిన యాంకర్ బోల్టులే. బయటివైపు బోల్టులు కాంక్రీట్ లోంచి పైకి ఊడిరావాలని నిరంతరం లాగుతూ ఉంటాయి. అంటే మీ కారుని పట్టుకుని ఉండేది చివరికి నాలుగైదు అంగుళాల కాంక్రీట్.

అందుకే తయారీదారులు నేల గురించి కచ్చితంగా రాస్తారు. చాలా టూ పోస్ట్ మోడళ్లకి కనీసం 4 అంగుళాలకి పైగా మందం, 3,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బలం, పోసి 28 రోజులు దాటిన కాంక్రీట్ ఉండాలి. కొన్ని మోడళ్లు ఇంకా మందం అడుగుతాయి, మాన్యువల్‌లో చూసుకోండి. చిక్కేమిటంటే ఇళ్ల గ్యారేజ్ స్లాబ్ మామూలుగా 4 అంగుళాలు అంటారు కానీ, కొన్నిచోట్ల మూడున్నర కూడా ఉంటుంది. పగుళ్ల పక్కన, స్లాబ్ అంచు పక్కన బోల్టు వేయకూడదు. ఎంత దూరం వదలాలో కూడా మాన్యువల్‌లోనే ఉంటుంది.

మరి పోస్ట్ టెన్షన్ స్లాబ్ ఉన్నవాళ్లు ఏం చేయాలి? గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్‌తో కేబుళ్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టే సర్వీసులున్నాయి. దాంతోపాటు స్ట్రక్చరల్ ఇంజనీర్ చేత చూపించుకుని, ఆయన రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే డ్రిల్ ముట్టుకోండి. నన్నడిగితే, ఆ స్లాబ్ ఉన్న ఇంట్లో టూ పోస్ట్ ఆలోచన మానుకోవడమే మంచిది. బోల్టుల అవసరం లేని లిఫ్టులు ఉన్నాయి కదా. ముద్ర కనపడలేదంటే కేబుళ్లు లేవని అనుకోకండి. ముద్ర వేయని ఇళ్లూ ఉంటాయి, ఎపాక్సీ పెయింట్ కింద అరిగి మాయమైనవీ ఉంటాయి. బిల్డర్ దగ్గరో, సిటీ ఆఫీసులోనో పునాది డ్రాయింగ్ అడిగి చూడండి. చలి ప్రాంతాల్లో కొన్ని గ్యారేజ్‌ల నేల కింద వేడినీళ్ల గొట్టాలు కూడా ఉంటాయి, మిన్నెసోటా వైపు వాళ్లు అదీ చూసుకోవాలి.

[తెర మీద: టేపుతో నేల నుంచి సీలింగ్ దాకా కొలత. తర్వాత డోర్ తెరిచి మళ్లీ కొలత.]

రెండోది ఎత్తు. పార్కింగ్ కోసమైతే లెక్క తేలికే. కింద టయోటా క్యామ్రీ, పైన టెస్లా మోడల్ వై అనుకుందాం. క్యామ్రీ ఎత్తు సుమారు 57 అంగుళాలు, మోడల్ వై సుమారు 64. రెండూ కలిపి 121. మధ్యలో లిఫ్ట్ పలక మందం ఓ ఐదారు అంగుళాలు, కింద కారు పైన కాస్త ఖాళీ, పై కారు నెత్తిన కాస్త ఖాళీ. అన్నీ వేసుకుంటే 130 అంగుళాలు దాటుతుంది. అంటే దాదాపు 11 అడుగులు. 8 అడుగుల సీలింగ్‌లో ఇది కుదరని పని, 9లోనూ కుదరదు. ఇంకో మాట, లిఫ్ట్ ఎక్కడపడితే అక్కడ ఆగదు. లాకులు కొన్ని అంగుళాలకొకటి ఉంటాయి, లాకు ఉన్నచోటే బరువు దించాలి. మీ లెక్క సరిగ్గా సరిపోయినా లాకు రెండంగుళాలు పైనో కిందో పడొచ్చు. అందుకని అంచుకి కోసినట్టు లెక్క వేసుకోకండి.

టేపు పట్టుకున్నప్పుడు గ్యారేజ్ డోర్ తెరిచి కొలవండి. తెరిచినప్పుడు డోర్ వచ్చి సీలింగ్ కింద పడుకుంటుంది, దానికి తోడు మధ్యలో ఓపెనర్ రైలు. లిఫ్ట్ మీది కారు వెళ్లి తగిలేది వాటికే. దీనికి దారి ఉంది. ట్రాక్‌ని సీలింగ్ దగ్గరికి ఎత్తించి, మధ్యలో వేలాడే ఓపెనర్ తీసేసి, గోడకి బిగించే జాక్‌షాఫ్ట్ ఓపెనర్ పెట్టించుకోవచ్చు. ఆ పని మాత్రం డోర్ మెకానిక్‌కే వదలండి. డోర్ బరువుని మోసే టార్షన్ స్ప్రింగు జారితే చేతివేళ్లు పోతాయి.

రిపేరు కోసమైతే లెక్క వేరు. మీరు కారు కింద నిలబడాలి, అంటే కారు అడుగు మీ తలకన్నా పైన ఉండాలి. పైన అడ్డకమ్మీ ఉండే టూ పోస్ట్‌కి పదకొండున్నర నుంచి 12 అడుగుల సీలింగ్ కావాలి. ఆ అడ్డకమ్మీ లేకుండా, గొట్టాలూ కేబుళ్లూ నేల మీది ప్లేటు కింద పోయే రకం ఉంది, దాని స్తంభాలు 9 అడుగుల చుట్టుపక్కల ఉంటాయి. పొట్టి గ్యారేజ్‌కి అది సరిపోతుంది, కాకపోతే మధ్యలో గట్టులా ఉండే ప్లేటు కాలికి తగులుతూ ఉంటుంది.

[తెర మీద: నాలుగు రకాల లిఫ్టుల బొమ్మలు, ఒకదాని తర్వాత ఒకటి.]

ఇప్పుడు రకాల్లోకి వద్దాం. టూ పోస్ట్ గురించి చెప్పేశాను. నాలుగు చక్రాలూ గాల్లో వేలాడతాయి కాబట్టి బ్రేకులు, సస్పెన్షన్, గేర్‌బాక్స్ పనులకి దాన్ని మించింది లేదు.

ఫోర్ పోస్ట్ మీదికి కారుని నడుపుకుంటూ ఎక్కించేయొచ్చు. బరువు నాలుగు కాళ్ల మీదుగా నిటారుగా నేలకి దిగుతుంది, అందుకే ఇంటికోసం చేసిన చాలా మోడళ్లకి బోల్టులు అక్కర్లేదు. పార్కింగ్‌కి ఇదే సరైనది. ఆయిల్, సైలెన్సర్ పనులు హాయిగా చేసుకోవచ్చు. కానీ చక్రాలు పలకల మీదే ఆని ఉంటాయి. టైరు విప్పాలంటే రెండు పలకల మధ్య కూర్చునే జాక్ విడిగా కొనాలి. కొనేటప్పుడు ఈ ఖర్చు చాలామంది లెక్కలో వేసుకోరు. పైన పెట్టిన కారు నుంచి ఆయిలో, వాననీళ్లో కింద కారు మీద కారకుండా డ్రిప్ ట్రేలు కూడా తీసుకోండి.

సిజర్ లిఫ్ట్ నడుమెత్తుకి లేపుతుంది. టైర్లు, బ్రేకుల పనికి బాగుంటుంది, కానీ కారు కింద మధ్యభాగం మొత్తాన్ని అదే ఆక్రమిస్తుంది.

చివరగా క్విక్‌జాక్ లాంటి పోర్టబుల్ ఫ్రేములు. కారుకి రెండువైపులా పొడవాటి ఫ్రేములు, పక్కన చిన్న మోటారు. ఎత్తు రెండడుగుల లోపే, నిలబడటం కుదరదు, పడుకునే పని చేయాలి. అయినా నేలకి చిల్లు పెట్టక్కర్లేదు, పని అయ్యాక గోడకి ఆనించేయొచ్చు, ఇల్లు మారితే వెంట తీసుకెళ్లొచ్చు. 8, 9 అడుగుల సీలింగ్, పోస్ట్ టెన్షన్ స్లాబ్, ఏడాదికి నాలుగైదుసార్లు ఆయిలూ బ్రేకులూ చూసుకునే కుటుంబం అయితే నేను చెప్పేది ఇదే. స్తంభాల లిఫ్ట్‌తో పోలిస్తే చవక కూడా.

బరువు గురించి ఒక హెచ్చరిక. 10,000 పౌండ్ల టూ పోస్ట్ అంటే ఒక్కో చెయ్యి మోసేది అందులో నాలుగోవంతు, 2,500 పౌండ్లు. కారు బరువు నాలుగు మూలలా సమానంగా ఉండదు. ఇంజన్ ముందున్న పికప్ ట్రక్ అయితే ముందు చేతుల మీదే ఎక్కువ పడుతుంది. అందుకని కారు బరువుకి సరిపోయే లిఫ్ట్ చాలనుకోకుండా కాస్త పెద్దదే తీసుకోండి. మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఒడిస్సీ, సియెన్నా వ్యాన్లున్నవాళ్లు పొడవు కూడా చూసుకోవాలి. సియెన్నా ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 120 అంగుళాలుంటుంది, పొట్టి పలకల ఫోర్ పోస్ట్‌లు దానికి చాలకపోవచ్చు.

ఎలక్ట్రిక్ కార్లకి అడుగంతా బ్యాటరీయే. లిఫ్ట్ చెయ్యి పొరపాటున బ్యాటరీ ప్యాక్‌కి ఆనిందంటే చాలా పెద్ద నష్టం. ఓనర్స్ మాన్యువల్‌లో చూపించిన నాలుగు లిఫ్ట్ పాయింట్లలోనే ఆనించాలి. టెస్లాలకైతే ఆ రంధ్రాల్లో కూర్చునే చిన్న రబ్బరు ప్యాడ్లు దొరుకుతాయి, తప్పకుండా వాడండి.

[తెర మీద: స్తంభం మీద బంగారు రంగు లేబుల్.]

ఈ లేబుల్ బాగా గుర్తుపెట్టుకోండి. ఇది ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్‌ది, క్లుప్తంగా ఏఎల్ఐ. ఆ మోడల్‌ని బయటి సంస్థ పరీక్షించి, అమెరికా ప్రమాణానికి తగ్గట్టు ఉందని ధ్రువీకరిస్తేనే ఇది వేస్తారు. అమ్మేవాళ్లు "ఏఎల్ఐ ప్రమాణాలకి అనుగుణంగా తయారుచేశాం" అని రాస్తుంటారు. ఆ మాటకీ ఈ లేబుల్‌కీ చాలా తేడా ఉంది. మోటారుకి మాత్రమే యూఎల్ లేదా ఈటీఎల్ అనే కరెంటు భద్రత గుర్తు ఉండి, లిఫ్ట్ మొత్తానికి సర్టిఫికెట్ లేనివి కూడా అమ్ముతారు. మోడల్ నంబర్ రాసుకుని ఏఎల్ఐ వెబ్‌సైట్‌లో డైరెక్టరీలో వెతకండి, రెండు నిమిషాల పని. ఇంటికి వాడేవాళ్లకి ఇది చట్టప్రకారం తప్పనిసరి కాదు. అయినా కింద నిలబడేది మీరో మీ పిల్లలో కాబట్టి, దీని దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దని గట్టిగా చెప్తాను.

కరెంటు సంగతి త్వరగా చెప్పేస్తాను. టూ పోస్ట్‌లకి ఎక్కువగా 220 వోల్టుల విడి లైను, మోడల్‌ని బట్టి 30 యాంపుల దాకా బ్రేకర్ కావాలి. కొన్ని ఫోర్ పోస్ట్‌లు మామూలు 110 ప్లగ్గు మీదే నడుస్తాయి. విడి లైను ఎలక్ట్రీషియన్ చేతే వేయించండి. పర్మిట్ గురించి సిటీ ఆఫీసునీ, హెచ్‌ఓఏ అంటే మీ కాలనీ ఇళ్ల ఓనర్ల సంఘాన్నీ, ఇంటి ఇన్సూరెన్స్ కంపెనీనీ ముందే అడగండి. ఇక్కడ కొన్న లిఫ్ట్‌ని హైదరాబాద్ ఇంటికి పంపుదామనుకునేవాళ్లకి ఒక మాట: ఇక్కడి మోటార్లు 60 హెర్ట్జ్‌కి చేసినవి, అక్కడ కరెంటు 50 హెర్ట్జ్. మోటారు నెమ్మదిగా తిరుగుతుంది, వేడెక్కుతుంది. అక్కడే కొనడం మేలు.

స్తంభాల లిఫ్ట్ వెయ్యి పౌండ్లకి పైనే ఉంటుంది, ట్రక్కులో వస్తుంది. డ్రైవర్ దింపిపెడతాడని అనుకోకండి. ఫోర్క్‌లిఫ్ట్ మాట్లాడుకోండి, లేదంటే బిగించే మనుషుల చేతే తెప్పించుకోండి.

[తెర మీద: ఖాళీ లిఫ్ట్ పైకి లేవడం. లాకుల చప్పుడు స్పష్టంగా వినిపించాలి.]

బిగించాక కారు ఎక్కించకుండా ముందు ఖాళీగా పైదాకా లేపి, దించండి. లేచేటప్పుడు టక్, టక్ అని లాకులు పడే చప్పుడు వినండి. అన్నివైపులా ఒకేసారి పడాలి. ఒకవైపు ముందు, ఇంకోవైపు తర్వాత పడుతుంటే కేబుళ్లు సరిచేయాలి, అప్పటిదాకా కారు పెట్టొద్దు. తర్వాత కారు పెట్టి, చక్రాలు నేల వదిలేంత మాత్రమే లేపి ఆపండి. టూ పోస్ట్ అయితే బంపర్ పట్టుకుని గట్టిగా ఊపి చూడండి, ప్యాడ్లు జారకుండా ఉంటేనే పైకి తీసుకెళ్లండి. కావాల్సిన ఎత్తుకి వచ్చాక కాస్త కిందికి దించి, బరువు మొత్తం లాకుల మీద కూర్చోబెట్టండి. హైడ్రాలిక్ ఆయిల్ మీద నిలిపిన కారు కిందికి ఎప్పుడూ వెళ్లొద్దు. యాంకర్ బోల్టులుంటే మొదటి కొన్ని వారాల్లో టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచ్‌తో, మళ్లీ బిగించి చూడాలి. వాడనప్పుడు బ్రేకర్ ఆపేసి ఉంచండి, చిన్నపిల్లలున్న ఇంట్లో స్విచ్‌కి తాళం కూడా వేయండి.