ఆలూ పోస్తొ తిన్న మా బావ, మార్ఫిన్‌ని పట్టుకున్న యాంటీబాడీ

[తెర మీద: బరంపురం బడాబజార్, కిరాణా కొట్టు. దోసిట్లో గసగసాలు, వేళ్ల సందుల్లోంచి జారిపోతున్నాయి.]

నమస్తే అండి. ఇవి మనకి గసగసాలు. పక్కింటి ఒడియా వాళ్లకి పోస్తొ. మా ఇంట్లో రెండు పేర్లూ నడుస్తాయి. పోయినేడు మా బావ డ్రైవర్ ఉద్యోగానికి వెళ్తే యూరిన్ టెస్ట్ చేశారు. ముందురోజు రాత్రి అక్క ఆలూ పోస్తొ చేసింది, బావ మూడుసార్లు వడ్డించుకున్నాడు. టెస్టులో నల్లమందు జాతి మందు ఉందని వచ్చింది. "బీడీ కూడా ముట్టనివాణ్ణి, నాకు నల్లమందేంటి?" అని ఒకటే గోల. ఇంట్లో మూడు వారాలు టెన్షన్. మళ్లీ టెస్ట్ చేస్తే ఏమీ లేదు, ఉద్యోగం ఇచ్చారు. కానీ నాకు మాత్రం ఆ స్ట్రిప్ మీద మనసు పోయింది.

[స్ట్రిప్ దగ్గరగా.]

ప్రెగ్నెన్సీ కిట్ చూసినవాళ్లు దీన్ని చూసి తికమక పడతారు. ఇక్కడ రెండు గీతలు వస్తే మందు లేనట్టు, ఒక్కటే వస్తే ఉన్నట్టు. కింద మెత్తలో బంగారు రేణువులు అంటించిన యాంటీబాడీలు, అంటే మందుని పట్టుకునే ప్రోటీన్లు, ఉంటాయి. ఆ ఎరుపు ఆ బంగారానిదే. మొదటి గీత రావాల్సిన చోట, ప్రోటీన్‌కి అతికించిన మార్ఫిన్, అంటే నల్లమందులో ఉండే అసలు మందు, ఎదురుచూస్తుంటుంది. యూరిన్‌లో మందు లేకపోతే యాంటీబాడీలు ఖాళీ చేతులతో వచ్చి అక్కడ అంటుకుంటాయి, గీత పడుతుంది. మందు ఉంటే వాటి చేతులు దారిలోనే నిండిపోతాయి. అక్కడ ఆగకుండా దాటిపోతాయి. రెండో గీత స్ట్రిప్ పనిచేసిందని చెప్పడానికి, అంతే.

అంటే కథంతా యాంటీబాడీ పట్టులో ఉంది. ఆ పట్టుని కొలిచేదెలా?

[ఇచ్ఛాపురం వైపు వెళ్లే బస్సు.]

బస్సు సీట్లు యాంటీబాడీ చేతులు అనుకోండి, జనం మార్ఫిన్. ఎక్కేవాళ్లు ఎక్కుతుంటారు, దిగేవాళ్లు దిగుతుంటారు. కాసేపటికి రెండూ సమానమవుతాయి. అప్పుడు సరిగ్గా సగం సీట్లు నిండి ఉండాలంటే బయట ఎంతమంది ఉండాలి? ఆ సంఖ్యే పట్టుకి కొలత. శాస్త్రంలో దాన్ని కేడీ (Kd) అంటారు. దిగే వేగపు స్థిరాంకాన్ని ఎక్కే వేగపు స్థిరాంకంతో భాగించినా అదే వస్తుంది. బయట నలుగురున్నా సగం సీట్లు నిండుతున్నాయంటే, కూర్చున్నవాళ్లు లేవడం లేదని అర్థం. కేడీ ఎంత తక్కువైతే పట్టు అంత గట్టిది. ఈ తిరకాసు మొదట్లో అందరినీ తడబెడుతుంది, నన్నూ తడబెట్టింది.

[తెల్ల బోర్డు. మధ్యలో పొర ఉన్న రెండు గదుల బొమ్మ.]

నాకు బాగా నచ్చిన పద్ధతి పాతదే. రెండు చిన్న గదులు, మధ్యలో జల్లెడలాంటి పొర. మార్ఫిన్ బరువు 285 డాల్టన్లు (అణువుల బరువుకి కొలత), యాంటీబాడీది సుమారు 1,50,000. మార్ఫిన్ పొర దాటుతుంది, యాంటీబాడీ దాటలేదు. ఎడమ గదిలో 20 నానోమోలార్ (ద్రవంలో ఎన్ని అణువులున్నాయో చెప్పే కొలత) యాంటీబాడీ వేశాం. ఒక్కోదానికి రెండు చేతులు కాబట్టి 40 సీట్లు. ఇది మరిచిపోతే సీట్ల లెక్క సగానికి పడిపోతుంది. మార్ఫిన్ కలిపి, రెండు వైపులా నిలకడ వచ్చేదాకా వదిలేస్తాం.

తర్వాత కొలిస్తే మార్ఫిన్ కుడివైపు 10, ఎడమవైపు 30 నానోమోలార్ ఉందనుకోండి. స్వేచ్ఛగా తిరిగే మార్ఫిన్ రెండువైపులా ఒకటే, అంటే 10. ఎడమవైపు ఎక్కువున్న 20 యాంటీబాడీల చేతుల్లో చిక్కినవి. 40 సీట్లలో 20 నిండాయి, సరిగ్గా సగం. కాబట్టి కేడీ 10 నానోమోలార్. లీటరు నీళ్లలో 3 మైక్రోగ్రాములు కూడా లేని మార్ఫిన్ అది! అసలు పనిలో ఇంత చక్కగా సగం దగ్గర ఆగదు, రకరకాల మోతాదులతో చేసి గ్రాఫ్ గీయాలి.

[బంగారు పూత ఉన్న చిప్ బొమ్మ.]

ఇప్పుడు యంత్రాలొచ్చాయి. బంగారు పూత చిప్ మీద యాంటీబాడీని అంటించి, పైనుంచి మందు పారిస్తే, వెలుగులో వచ్చే మార్పుతో ఎక్కేదీ దిగేదీ అప్పటికప్పుడే కనిపిస్తుంది. చిక్కేమిటంటే మార్ఫిన్ మరీ తేలిక, కొబ్బరిబస్తా మీద దోమ వాలినట్టు. అందుకని కొందరు తిరగేసి మార్ఫిన్‌ని చిప్‌కి అతికించి యాంటీబాడీని పారిస్తారు. అప్పుడది రెండు చేతులతో పట్టుకుంటుంది. ఒక చేయి జారినా రెండోది వదలదు. పట్టు ఉన్నదానికంటే గట్టిగా కనబడుతుంది. నిజం తెలియాలంటే ఒక్క చేతి ముక్కని మాత్రమే కోసి వాడాలి.

[మార్ఫిన్, కోడీన్ బొమ్మలు పక్కపక్కన.]

గట్టి పట్టు ఉన్నంత మాత్రాన మనిషిని సరిగ్గా గుర్తుపట్టినట్టు కాదు. మార్ఫిన్ ఒంటరిగా వెళ్తే మన రక్షణ వ్యవస్థ దాన్ని పట్టించుకోదు. పెద్ద ప్రోటీన్‌కి అతికించి చూపిస్తేనే యాంటీబాడీలు తయారవుతాయి. అయితే అతికించిన వైపు కప్పబడిపోతుంది. మార్ఫిన్‌కీ దగ్గు సిరప్ కోడీన్‌కీ తేడా ఒక మూల చిన్న మిథైల్ గుంపు. సరిగ్గా ఆ మూలనే అతికిస్తే, వచ్చిన యాంటీబాడీకి ఇద్దరూ ఒకటే. 1970లో స్పెక్టర్, పార్కర్ అనే శాస్త్రవేత్తలు మార్ఫిన్‌కి రేడియో ఇమ్యునోఅస్సే (యాంటీబాడీ, రేడియోధార్మిక గుర్తుతో కొలిచే పరీక్ష) చేసినప్పటినుంచీ ఈ కవలల తగాదా ఉంది. ఇక ఫెంటానిల్, ట్రామడాల్ లాంటి నొప్పిమందుల ఆకారమే వేరు, ఈ స్ట్రిప్‌కి అవి దొరకవు. మన కోరాపుట్ వైపు రోజూ పేపర్లో వచ్చే గంజాయీ అంతే, దానికి వేరే స్ట్రిప్ ఉంటుంది.

[మళ్లీ గసగసాలు. గిన్నెలో నీళ్లు పోస్తున్న చెయ్యి.]

మరి బావ సంగతి? యాంటీబాడీ తప్పు చేయలేదు. గసగసాల కాయకి కారే పాలే నల్లమందు. అది గింజ పైన కొంచెం అంటుకుని వస్తుంది. బాగా నానబెట్టి కడిగితే చాలావరకు పోతుంది. పట్టు గట్టిదైతే ఆ కొంచాన్నీ పట్టేస్తుంది. అందుకే ఎంత ఉంటే 'ఉంది' అనాలో గీత గీయాల్సింది మనుషులు. అమెరికాలో ఉద్యోగుల టెస్టుకి ఆ గీత మిల్లీలీటరుకి 300 నానోగ్రాములు ఉండేది. గసగసాలు తిన్నవాళ్లు చిక్కుతున్నారని 1998లో 2000కి పెంచారు.

ఈ వీడియో ముందు బావకే చూపించాను. "అయితే ఆ రోజు నా ఒంట్లో నిజంగానే మార్ఫిన్ ఉందంటావా?" అన్నాడు. ఉంది బావా. అక్క వంటింట్లోంచి, "రేపు కూడా పోస్తొనే, కడిగే వండుతానులే" అంది.