మూదేవి చేతిలో చీపురు

సభకు నమస్కారం.

చిన్నప్పుడు నేను సందెవేళ జుట్టు విరబోసుకుని తిరిగినా, విడిచిన బట్టలు మంచం మీదే వదిలేసినా మా నాయనమ్మ ఒకటే మాట అనేది: "ఏమే మూదేవీ!" అన్నయ్యను మాత్రం ఎన్నడూ అలా అనలేదు. ఆ తేడా నన్ను బాగా నొప్పించింది. ఈ మాట పుట్టుక వెతకడం అక్కడే మొదలైంది.

ఇందులోని 'మూ' మూడు కాదు. తమిళంలో మూప్పు అంటే ముసలితనం. మన ముది, ముదిమి, ముదుసలి ఆ కుదురులోవే. మూదేవి అంటే పెద్ద దేవి, అంతే. సంస్కృతంలో జ్యేష్ఠ అన్నా అదే. తెలుగులో పెద్దమ్మ అన్న మాటకూ ఈ అర్థం ఉంది. పాలకడలి చిలికినప్పుడు లక్ష్మికంటే ముందు పుట్టింది కనుక అక్క. చెల్లెలిది ఐశ్వర్యం, అక్కది దరిద్రం. శుభ్రమైన ఇల్లు లక్ష్మిదని నమ్మాక చెత్త పేరుకున్న ఇల్లు అక్క వాటాకు వచ్చింది. అలా దేవత పేరు చిందరవందర మనిషికి తిట్టయింది.

ఒకప్పుడు ఆమెకూ గుడిలో చోటుండేది. 8వ శతాబ్దంలో పల్లవులు కట్టించిన కంచి కైలాసనాథాలయంలో ఆమె శిల్పం ఉంది. ఆమె విగ్రహాల్లో పెద్ద పొట్ట, పక్కన ఎద్దుముఖం కొడుకు, కూతురు, కాకి జెండా కనిపిస్తాయి. ఆమె చిహ్నాల్లో ఇంకొకటి చీపురు. అశుభ్రతకు ఎవరి పేరు పెట్టామో ఆమె గుర్తే చీపురు! ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

శ్రీసూక్తంలో ఒక పాదం వినండి: "క్షుత్పిపాసామలాం జ్యేష్ఠామలక్ష్మీం నాశయామ్యహమ్." ఆకలిదప్పులే మలినంగా గల జ్యేష్ఠను పోగొడతాను అని. ఇక్కడ బద్ధకం ఊసే లేదు. తిండీ నీళ్లూ కరవై ఒంటికి పట్టిన మకిలి అది. బిందెడు నీళ్లకు మైలు నడిచే ఇల్లాలు గుమ్మం రోజూ ఎలా కడుగుతుంది? అంతటి లేమి పేరును తెచ్చి, తల దువ్వుకోని ఆడపిల్ల నెత్తిన రుద్దాం.

మా ఇంట శుక్రవారం పూజలో ఈ మంత్రం చదువుతుంటే నాయనమ్మ కళ్లు మూసుకుని వినేది. కరవులో పెరిగిన మనిషి. చెదిరిన ఇల్లు చూస్తే ఆ ఆకలి మళ్లీ గడప తొక్కుతుందని భయపడేదేమో అని ఇప్పుడు అనిపిస్తోంది.