బస్సు డ్రైవరుకు దక్కిన పాఠం

సభకు నమస్కారం, ఉగాది శుభాకాంక్షలు. కార్యదర్శిగారు నాకిచ్చింది మూడు నిమిషాలే. అందుకని వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదవడం లేదు, ఏమీ అనుకోకండి.

మెల్‌బోర్న్‌లో నేను స్కూలు బస్సు నడుపుతానని మీకు తెలుసు. కిందటేడు పిల్లల్ని ఊరవతల ఉన్న హీల్స్‌విల్ అనే ఊరికి తీసుకెళ్లాను. వాళ్లు పాఠం వింటుంటే నేనో కునుకు తీద్దామనుకున్నా. పాఠం చెప్పడానికొచ్చిన పెద్దావిడ, ఈ నేల ఆదివాసులైన వురుండ్జెరి తెగ ఆవిడ, అద్దం మీద తట్టి, "నువ్వూ రావయ్యా" అన్నారు. అందరూ ఆవిణ్ణి ఆంటీ అంటున్నారు. మనం కూరగాయల కొట్లో కనిపించిన ప్రతి ఆవిణ్ణీ ఆంటీ అనేస్తాం చూడండీ, అలా కాదు. అది వాళ్లవాళ్లు ఇచ్చే గౌరవం.

ఆవిడ ఓ పసుపుపూల మొక్క పక్కన కర్రతో గుచ్చి మట్టి లేపారు. చిటికెన వేలంత తెల్లటి దుంపలు. మర్నాంగ్ అంటారట. నాకు మా ఊరి తేగలు గుర్తొచ్చాయి. ఒకప్పుడు వాళ్లకదే ముఖ్యమైన తిండి. 1835లో తెల్లవాళ్లు మెల్‌బోర్న్‌లో దిగాక, కొన్నేళ్లలోనే గొర్రెలు వేళ్లతో సహా మేసేశాయి.

1863లో అక్కడే కొరాండర్క్ అనే చోట వాళ్లు ఊరు కట్టుకున్నారు. అడవి కొట్టి చేలు చేసుకున్నారు. చేలు బాగుపడ్డాక సర్కారువాళ్లు ఖాళీ చెయ్యమన్నారు! విలియం బరాక్ అనే పెద్దాయన, ఆయన మనుషులు అర్జీలు పట్టుకుని మెల్‌బోర్న్‌కు నడిచారు. 1881లో విచారణ జరిగింది. తర్వాత 1886లో ఇంకో చట్టం: తెల్లవాళ్ల రక్తం కలిసిన మిశ్రమ సంతానమై 35 ఏళ్లలోపు ఉంటే ఊరొదిలి పోవాలి. అంటే అమ్మ ఉండొచ్చు, కొడుకు పోవాలి. 1924లో ఊరే మూసేశారు.

"ఎంత దూరం నడిచారు?" అని ఓ పిల్లాడు అడిగాడు. ఆంటీ నావైపు చూపించి, "డ్రైవరునడుగు" అన్నారు. సుమారు అరవై కిలోమీటర్లు, గంట పైనే పడుతుందన్నాను. "నడిస్తే?" అన్నాడు. నేనేం చెప్పను! తిరుగు ప్రయాణంలో ప్రతి సిగ్నల్ దగ్గరా వాడిదే గొంతు: "ఇప్పటికి వాళ్లు ఎక్కడిదాకా వచ్చుంటారు?"

ఇంతకీ నా బాధ ఇది. ఇందాక సభ మొదట్లో ఈ నేల సొంతదారులను తలుచుకునే కాగితం చదివారు కదా. "ఉరుండేరి" అని గబగబా చదివేశారు, మీరు పులిహోర గురించి మాట్లాడుకుంటున్నారు. మన వెంకటేశ్వర్లును ఎవరైనా వెంకీ అంటే మాత్రం ఊరుకోం!

వురున్ అంటే ఒక రకం యూకలిప్టస్ చెట్టు, జెరి అంటే దాంట్లో ఉండే పురుగు. కష్టమేం కాదు. ఏదీ, నాతో అనండి: వురుండ్జెరి. వెనక బల్లలవాళ్లు, వినపడలేదు. భోజనాలు తర్వాత. ఇంకోసారి!